ఇంధన పీడనం ఎక్కువైంది... ఎవరు చెప్పారు?

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఈ ఊరు ప్రధాన కేంద్రమయింది. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. పదవీ విరమణ చేసిన రైలు డ్రైవరు. డీజిల్ ఇంజన్లు నడిపిన మనిషి. మేమంతా ఆయన్ని మామయ్య గారూ అని పిలుస్తాం.

ఆయన దగ్గర 2000 ప్రాంతపు పాత పెట్రోలు కారొకటి ఉంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 11కి పడిపోయింది. పొద్దున్నే స్టార్టు చేస్తే వెనక నల్లని పొగ, వీధంతా పెట్రోలు వాసన. గ్యారేజీకి తీసుకువెళ్తే మొదట స్పార్కు ప్లగ్గులు మార్చారు. వారం తర్వాత ఆక్సిజన్ సెన్సరు మార్చారు. రోగం తగ్గలేదు. మూడోసారి, "ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలి" అన్నారు.

మామయ్య గారు ఒక్క ప్రశ్న వేశారు. "ఇంధన పీడనం ఎంత ఉందో చూశారా?"

ఎవరూ చూడలేదు. ఆయన ఆ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. ఆయన నడిపిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజనులో ఇంధన పీడనాన్ని చూపే గేజి ఉండేది. అది చదరపు సెంటీమీటరుకు సుమారు 4 కిలోల దగ్గర ఉందా లేదా అని చూడడం ఆయనకు నిత్యకృత్యం. కారులో పెట్రోలు ఎంత ఉందో చూపే ముల్లు ఉంటుంది గాని, ఆ పెట్రోలు ఎంత పీడనంతో ఇంజనుకు చేరుతోందో చూపే ముల్లు ఉండదు. అందువల్ల ఆ పీడనం పెరిగినా తగ్గినా మనకు నేరుగా తెలియదు. పొగ, వాసన, తగ్గిన మైలేజీ వంటి లక్షణాలే కనిపిస్తాయి. లక్షణాలను చూసి ఊహించి ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుంది. ఇంధన పీడనం అసలు ఎందుకు కావాలి? అది ఎలా పెరుగుతుంది? పెరిగిందని ఎలా తేల్చాలి? క్రమంగా చూద్దాం.

కార్బురేటరు నుంచి ఇంజెక్టరు దాకా

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో కార్బురేటరు ఉండేది. ఇంజను లోపలికి పీల్చుకునే గాలే వెళుతూ వెళుతూ సన్నని రంధ్రం గుండా పెట్రోలును లాక్కుపోయేది. పంపు చేయవలసిందల్లా కార్బురేటరు గిన్నెను నింపడమే. దానికి బార్‌లో మూడో వంతుకు మించని పీడనం చాలు. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం. కారు టైరులో కొట్టే గాలి సుమారు 2 బార్‌లు ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ అంకెలు తేలికగా బోధపడతాయి.

మన దేశంలో వాహనాల పొగపై నిబంధనలు 2000 ప్రాంతంలో గట్టిపడ్డాయి. గాలికి తగినంత పెట్రోలును కచ్చితంగా కొలిచి ఇవ్వడం కార్బురేటరు వల్ల కాలేదు. దాని స్థానంలో ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి వచ్చింది. మారుతి 800 కూడా ఆ రోజుల్లోనే ఈ పద్ధతికి మారింది. ఇందులో ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇంజెక్టరు ఉంటుంది. ఇంజెక్టరు అంటే విద్యుత్తుతో తెరుచుకునే చిన్న కుళాయి. దాన్ని ఎంతసేపు తెరిచి ఉంచాలో ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ కాలాన్ని సెకనులో వెయ్యో వంతుల్లో లెక్కిస్తారు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. ఇ.సి.యు. కొలిచేది పెట్రోలును కాదు, కాలాన్ని. కుళాయిని రెండు నిమిషాలు తిప్పితే బకెట్టు నిండుతుందని మనం అనుకుంటాం. కాని మిద్దె మీది ట్యాంకులో నీటి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది. అలాగే ఇంజెక్టరు వెనక ఉన్న పీడనం మారనంత వరకే ఇ.సి.యు. లెక్క సరి అవుతుంది.

పీడనాన్ని నిలిపే రెగ్యులేటరు

పెట్రోలు ట్యాంకులో మునిగి ఉండే విద్యుత్ పంపు అవసరానికి మించి పెట్రోలును పంపుతూ ఉంటుంది. ఆ పెట్రోలు ఫిల్టరు దాటి, ఇంజెక్టర్లన్నీ అమర్చిన రెయిల్ అనే గొట్టంలోకి చేరుతుంది. రెయిల్ చివర రెగ్యులేటరు ఉంటుంది. అందులో ఒక పలుచని పొర, దాన్ని నొక్కి పట్టే స్ప్రింగు ఉంటాయి. పెట్రోలు పీడనం స్ప్రింగు బలాన్ని మించగానే పొర పైకి లేస్తుంది. ఎక్కువైన పెట్రోలు రిటర్న్ పైపు గుండా తిరిగి ట్యాంకులోకి వెళ్ళిపోతుంది. మామయ్య గారి డీజిల్ ఇంజనులోనూ ఇదే సూత్రం. పంపు ఎక్కువే పంపుతుంది, కవాటం మిగులును వెనక్కి పంపేస్తుంది.

రెగ్యులేటరు పై భాగం నుంచి ఒక సన్నని రబ్బరు గొట్టం ఇంజనులోకి గాలి వెళ్ళే మార్గానికి కలిపి ఉంటుంది. ఎందుకో చూడండి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ మార్గంలో గాలి పీడనం బయటి కంటే సుమారు 0.6 బార్‌లు తక్కువ. ఇంజెక్టరు చిమ్మేది ఆ మార్గంలోకే. అంటే ముందు నుంచి తోపుడుతో పాటు వెనక నుంచి పీల్పు కూడా ఉంటుంది. ఆ పీల్పు ఎంత ఉంటే అంత మేరకు రెయిల్‌లో పీడనాన్ని తగ్గించడం ఈ గొట్టం పని. 3 బార్‌ల రెగ్యులేటరు ఉన్న బండిలో, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు గేజి 2.4 చూపుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే 3కు చేరుతుంది. రెండు సందర్భాల్లోనూ ఇంజెక్టరుకు అటూ ఇటూ ఉన్న తేడా మాత్రం 3 బార్‌లే.

తర్వాత వచ్చిన చాలా కార్లలో రెగ్యులేటరును ట్యాంకులోకే మార్చేశారు. ఇంజను దాకా వెళ్ళి తిరిగి వచ్చే పైపు వాటిలో ఉండదు. రెయిల్‌లో పీడనాన్ని స్థిరంగా ఉంచి, గాలి మార్గంలోని తేడాను ఇ.సి.యు. లెక్కలో సర్దుకుంటుంది.

పీడనం రెట్టింపైతే పెట్రోలు రెట్టింపా?

కాదు. కుండ అడుగున రంధ్రం పెడితే నీళ్ళు చిమ్మే వేగం నీటి ఎత్తుకు వర్గమూలం చొప్పున పెరుగుతుందని టారిసెల్లి సూత్రం చెబుతుంది. ఎత్తు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లే. ఇంజెక్టరుకూ ఇదే వర్తిస్తుంది.

ఎలుక కొరికో, రబ్బరు పాతబడి పగిలో రెగ్యులేటరు గొట్టం ఊడిపోయిందనుకోండి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గేజి 3 చూపుతుంది. గాలి మార్గంలోని 0.6 కలిపితే తేడా 3.6 బార్‌లు. ఉండవలసిన 3తో పోలిస్తే 1.2 రెట్లు. దాని వర్గమూలం సుమారు 1.1. అంటే పెట్రోలు 10 శాతం ఎక్కువ పడుతుంది.

రిటర్న్ పైపు మూసుకుపోయి గేజి 5.4కు చేరిందనుకోండి. 0.6 కలిపితే తేడా 6 బార్‌లు. సరిగ్గా రెట్టింపు. 2కు వర్గమూలం 1.41. అంటే పెట్రోలు 41 శాతం ఎక్కువ.

ఈ రెండు తప్పుల్లో మొదటిది మనకు కనిపించకపోవచ్చు. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు, పెట్రోలు ఎక్కువ పడుతోందని ఇ.సి.యు.కి తెలియజేస్తుంది. ఇ.సి.యు. ఇంజెక్టరు తెరిచి ఉంచే కాలాన్ని ఆ మేరకు తగ్గించి సర్దేస్తుంది. జ్వరం మాత్ర వేసుకుని పనికి వెళ్ళే మనిషిలా బండి నడుస్తూనే ఉంటుంది. కాని ఈ సర్దుబాటుకు హద్దు ఉంది. చాలా బండ్లలో అది 20 నుంచి 25 శాతం. 41 శాతం తప్పును అది కప్పలేదు. అప్పుడే పొగ, వాసన, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం బయటపడతాయి.

నష్టం మైలేజీతో ఆగదు. కాలని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగేసి, కిందికి జారి ఇంజన్ ఆయిలును పలుచన చేస్తుంది. అరుగుదల పెరుగుతుంది. మిగిలింది పొగతో పాటు వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టరులో మండితే అది విపరీతంగా వేడెక్కి పాడవుతుంది. దాని ఖరీదు ఇంజెక్టర్ల కంటే తక్కువేమీ కాదు.

మూడు పరీక్షలు

మామయ్య గారు ఇంకొక మెకానిక్ దగ్గరికి బండి తీసుకువెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ఆ యువకుడి దగ్గర ఇంధన పీడనం కొలిచే గేజి ఉంది. అతను చేసిన పని చూస్తే ప్రయోగశాల గుర్తుకు వచ్చింది.

మొదటి పరీక్ష, కొలవడం. రెయిల్‌కు గేజి బిగించి ఇంజను స్టార్టు చేశాడు. 2.4 ఉండవలసిన చోట ముల్లు 5.4 దగ్గర నిలిచింది. ఇంజెక్టర్లు కారుతుంటే ఇలా జరగదు. కారే ఇంజెక్టరు పీడనాన్ని పెంచలేదు. పీడనం పెరిగిందంటే మిగులు పెట్రోలు వెనక్కి పోలేకపోతోందన్న మాట. నాలుగు ఇంజెక్టర్లూ ఒక్క నిమిషంలో నిర్దోషులని తేలిపోయాయి.

రెండో పరీక్ష, రెగ్యులేటరు మీది సన్నని గొట్టాన్ని ఊడదీయడం. ఆరోగ్యంగా ఉన్న బండిలో ముల్లు అర బార్ పైగా పైకి లేవాలి. ఇక్కడ ముల్లు దాదాపు కదలలేదు. ఆ గొట్టంలో పెట్రోలు తడి ఉందేమో కూడా చూశాడు. తడి ఉంటే లోపలి పొర చిరిగిందని అర్థం. తడి లేదు.

మూడోదే తీర్పు చెప్పే పరీక్ష. ముల్లు కదలకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. రెగ్యులేటరు బిగుసుకుపోయి ఉండాలి, లేదా దాని తర్వాతి పైపు మూసుకుపోయి ఉండాలి. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పీడనం తీసేశాడు. రెగ్యులేటరు దగ్గర రిటర్న్ పైపును విడదీసి, దాని బదులు వేరే గొట్టాన్ని ఒక లోహపు డబ్బాలోకి పెట్టాడు. మళ్ళీ స్టార్టు చేస్తే ముల్లు 2.4కు దిగి నిలిచింది. రెగ్యులేటరు బాగానే ఉంది. ముల్లు ఇంకా 5.4 దగ్గరే ఉండి ఉంటే రెగ్యులేటరే దోషి అయ్యేది.

బండిని పైకెత్తి చూస్తే ట్యాంకు పక్కన రిటర్న్ రబ్బరు పైపు మడత పడి ఉంది. కొన్ని నెలల క్రితం ట్యాంకు దింపి మళ్ళీ ఎక్కించినప్పుడు అది ఒక క్లాంపు కింద నలిగింది. జానెడు పైపు కొత్తది వేశాడు. రోగం కుదిరింది.

మొదటి గ్యారేజీ వాళ్ళు మోసం చేశారని అనను. నల్లని పొగ వస్తే ప్లగ్గులు, సెన్సరు, ఇంజెక్టర్లు అని లోకంలో ఒక వరస ఉంది, వాళ్ళు దాన్నే పట్టుకున్నారు. ఆ ఆక్సిజన్ సెన్సరు పెట్రోలు ఎక్కువైందని నిజమే చెబుతూ వచ్చింది. నిజం చెప్పిన సాక్షినే ఊడదీసి పారేశారు.

సాక్షి అబద్ధం చెబితే?

కొత్త తరం ఇంజన్లలో కథ మరింత చిక్కుగా ఉంటుంది. 1995లో జపాన్ కంపెనీ డెన్సో లారీలకు, 1997లో జర్మనీ కంపెనీ బాష్ కార్లకు కామన్ రెయిల్ డీజిల్ పద్ధతిని మార్కెట్లోకి తెచ్చాయి. మన రోడ్ల మీద సి.ఆర్.డి.ఐ., డి.డి.ఐ.ఎస్. వంటి పేర్లతో కనిపించే డీజిల్ కార్లన్నీ ఈ జాతివే. వీటి రెయిల్‌లో పీడనం ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే 250 నుంచి 300 బార్‌ల దాకా ఉంటుంది. బరువు లాగేటప్పుడు 1600 బార్‌లకు, కొత్తవాటిలో 2000కు కూడా చేరుతుంది. 1600 బార్‌లంటే మన వేలిగోరంత చోట ఒక చిన్న కారు బరువుకు మించిన బలం. సిలిండరులోకే నేరుగా పెట్రోలు చిమ్మే టి.ఎస్.ఐ., జి.డి.ఐ. ఇంజన్లలో ఇది సుమారు 50 నుంచి 350 బార్‌లు.

అంత పీడనాన్ని వీధి గ్యారేజీలోని గేజితో కొలవడం కుదరదు. రెయిల్ మీద ఉండే సెన్సరే కొలుస్తుంది. దానికి మూడు తీగలు. ఒకటి 5 వోల్టుల సరఫరా, ఒకటి గ్రౌండు, ఒకటి సంకేతం. పీడనం సున్నా ఉంటే సంకేతం సుమారు అర వోల్టు. గరిష్ఠ పీడనం దగ్గర సుమారు నాలుగున్నర వోల్టులు. ఇ.సి.యు. చూసేది ఈ వోల్టేజీనే.

ఉదాహరణకు ఈ 4 వోల్టుల వ్యాప్తి 1800 బార్‌లకు సమానమనుకుందాం. ఒక వోల్టుకు 450 బార్‌లు. గ్రౌండు తీగ కలిసే చోట తుప్పు పట్టి, సంకేతం కేవలం 0.2 వోల్టులు ఎక్కువ చూపిందంటే 90 బార్‌లు లేనిపోనివి పుట్టుకొచ్చినట్టే. ఇ.సి.యు. దాన్ని నమ్మి పీడనం తగ్గిస్తుంది. 300 కావలసిన చోట నిజంగా ఉండేది 210. బండి లాగదు, ఆగిపోతుంది కూడా. స్కానరు మాత్రం పీడనం బాగానే ఉందంటుంది, ఒక్కోసారి ఎక్కువైందనీ అంటుంది. నిజానికి అక్కడ ఉన్నది తక్కువ పీడనం!

మన దేశంలో 2013 నుంచి కార్లకు ఓ.బి.డి.-2 అనే స్వయం పరీక్ష పద్ధతి తప్పనిసరి అయింది. స్కానరు తగిలిస్తే తప్పు సంఖ్య కనిపిస్తుంది. పి0088 అంటే రెయిల్‌లో పీడనం మరీ ఎక్కువ అని. పి0193 అంటే పీడన సెన్సరు సంకేతపు వోల్టేజీ మరీ ఎక్కువ అని. రెండూ ఒకేలా వినిపిస్తాయి గాని మొదటిది పీడనం గురించిన ఫిర్యాదు, రెండోది తీగల గురించిన ఫిర్యాదు. ఏదైనా సరే, అది ఫిర్యాదే గాని తీర్పు కాదు.

కనుక మొదట సాక్షిని పరీక్షించాలి. ఉపాయం చాలా సులభం. ఇంజను ఆపి కొంతసేపు వదిలేయాలి. రెయిల్‌లో పీడనం దిగిపోతుంది. తాళం చెవి తిప్పి, స్టార్టు చేయకుండా స్కానరులో రెయిల్ పీడనం చూడాలి. అది సున్నాకు దగ్గరలో ఉండాలి. ఇంజను ఆగి చాలాసేపైనా వంద బార్‌లు చూపుతోందంటే సెన్సరో, తీగో అబద్ధం చెబుతున్నట్టే. త్రాసులో ఏమీ పెట్టకుండా ముల్లు మధ్యలో ఉందో లేదో చూసే కిరాణా కొట్టు పద్ధతే ఇది.

సున్నా సరిగ్గా ఉంటే అప్పుడు నిజమైన పీడనం మీద అనుమానపడాలి. హై ప్రెషర్ పంపులోకి ఎంత డీజిల్ రావాలో నిర్ణయించే మీటరింగ్ కవాటం ఒకటి ఉంటుంది. చాలా బాష్ పంపుల్లో దీనికి కరెంటు అందకపోతే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. అంటే కవాటానికి వెళ్ళే తీగ తెగినా, మురికి వల్ల కవాటం తెరిచిన స్థితిలో ఇరుక్కున్నా పీడనం నిజంగానే ఎగబాకుతుంది. మరికొన్ని పంపుల్లో ఇది తలకిందులు. కరెంటు లేకపోతే మూసుకుంటుంది. అందుకే ఆ మోడలు మాన్యువల్ చూడకుండా తీర్పు చెప్పకూడదు. కనెక్టరు, తీగలు, ఫిల్టరులో నీరు, మురికి... ఖర్చు లేని ఇవన్నీ చూశాకే కవాటం, ఆ తర్వాతే పంపు. పంపు దానంతట అది పీడనాన్ని పెంచేయడం అరుదు. అదుపు చేసే భాగం అదుపు తప్పినప్పుడే పీడనం పెరుగుతుంది.

ఒక హెచ్చరిక

ఇది చదివి స్పానరు పట్టుకుని బండి కిందికి దూరవద్దు. వేడి ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే మంటలు లేస్తాయి. గేజి పరీక్ష ఆరుబయట, అగ్నిమాపక సిలిండరు పక్కన పెట్టుకుని, పని తెలిసినవారు చేయవలసింది. కామన్ రెయిల్ ఇంజను తిరుగుతుండగా పైపు వదులు చేయడం, కారుతోందా అని చేత్తో తడమడం ప్రాణాంతకం. వెంట్రుకంత సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది గాని, లోపల కణజాలం చచ్చిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, డీజిల్ చర్మంలోకి దూరిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

మనం చేయగలిగిన పని వేరే ఉంది. ఇంధనానికి సంబంధించిన ఏ భాగమైనా మార్చాలని మెకానిక్ అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పీడనం ఎంత ఉంది? ఈ మోడలుకు ఎంత ఉండాలి? ఆ అంకెను చూపిన గేజి గాని, సెన్సరు గాని సరిగ్గా ఉందని ఎలా తెలుసు? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగలిగిన మెకానిక్‌కు బండిని నిశ్చింతగా అప్పగించవచ్చు.

మామయ్య గారు ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి, ఒక చిన్న నోటుపుస్తకంలో కిలోమీటర్లు, లీటర్లు రాసుకున్నారు. ఇంజను ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గేజీలు చూసి రాసిన అలవాటు అది. నెల రోజుల తర్వాత ఆ పుస్తకం నాకు చూపించారు. చివరి వరసలో 14.8 అని ఉంది.